తోక చదవని జర్మన్ వాక్యం

ఇంజన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు పానాల గురించి అడుగుతారు. ఏ సైజువి కొనాలి, ఏ ఊరి సరుకు మంచిది, నీ పెట్టె చూపించు తాతా అంటారు. చూపిస్తాను. పెట్టె అడుగున పసుపు రంగుకు తిరిగిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్ని పక్కకు నెట్టి పానాలు తిప్పి చూసుకుంటారు. అసలు పనిముట్టు అదేరా నాయనా అంటే, ముసలాయన పరాచికం ఆడుతున్నాడని నవ్వుకుంటారు.

ఆర్మూరులో ఒక పసుపు మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్ మిస్త్రీగా చేశాను. జీతం ఎప్పుడు పెరిగిందీ, ఎవరు శాలువా కప్పిందీ నాకే సరిగా గుర్తులేదు, మీకు అసలే అక్కర్లేదు. చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ముప్పై దాటిన వయసులో జర్మన్ భాష నేర్చుకోబోయి, సగం నేర్చి, ఆ సగం చదువుతో ఒక మనిషి చెయ్యి పాడుచేశాను. ఆ మనిషి మా అక్క మొగుడు పోశెట్టి. చెయ్యి పాడైనందుకు ఆయన్నే తప్పుపడుతుంటే ఎదురుగా నిలబడి విన్నాను. పనిలోకి వచ్చేవాడికి పానాల సైజుల కంటే ముందు తెలియాల్సింది ఇదే అనుకుని రాస్తున్నాను.

ఇంజన్, దాని పుస్తకం

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. మా యజమాని నారాయణ సేఠ్ బొంబాయిలో మూతపడ్డ మిల్లు నుంచి పాత జర్మన్ డీజిల్ ఇంజన్ ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పటిదాకా పసుపుకు మెరుగుపెట్టే డ్రమ్ములను మనుషులే తిప్పేవాళ్లు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి నున్నబడతాయి, తిప్పినవాళ్ల భుజాలు మాత్రం సాయంత్రానికి చచ్చుబడతాయి. ఇంజన్ పెడితే బాల్కొండ, జక్రాన్‌పల్లి వైపు బండ్లన్నీ తన గేటు ముందే ఆగుతాయని సేఠ్ ఆశ. ఆ ఆశ తప్పు కాలేదు.

ఇంజన్‌తో పాటు పుస్తకం వచ్చింది. మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా జర్మన్. ఇంగ్లీషుది బొంబాయిలోనే ఎక్కడో పోయిందట. మెట్రిక్ దాకా చదివావు కదా చూడు అని సేఠ్ దాన్ని నా చేతిలో పెట్టాడు. నేను చదివింది ఉర్దూ మీడియం, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. ఈ పుస్తకంలో అక్షరాలు ఇంగ్లీషువే, మాట మాత్రం ఒక్కటీ తెలియదు. చూసిన మొహమే గానీ పలకరిస్తే పలకదు.

ఇంజన్‌కు నూనె పోసేదీ, విప్పేదీ, బిగించేదీ మా బావ. ఆయనకు వేలిముద్రే సంతకం. అయినా ఇంజన్ చప్పుడులో రవ్వంత తేడా వస్తే నాకంటే ముందు ఆయనకు తెలిసేది. తలపాగా సర్దుకుంటూ వచ్చి, జర చూడు లింబాద్రీ, దగ్గుతుంది అనేవాడు. బావ చెయ్యి, బామ్మర్ది చదువు కలిస్తే ఒక మిస్త్రీ అని సేఠ్ నవ్వేవాడు. నాకు ఆ మాట రుచించేది కాదు. మిస్త్రీని నేనొక్కడినే అని నా నమ్మకం.

లారీ నీడలో బడి

ఆర్మూరులో జర్మన్ వచ్చిన మనిషి ఒక్కడున్నాడు, లారీ డ్రైవర్ ఖాసిం భాయ్. పెద్ద యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల ఫౌజులో బండి నడుపుతూ ఎడారిలో పట్టుబడి, జర్మన్ల క్యాంపులో ఖైదీగా ఉండి వచ్చాడు. ఆయనకు మాట వచ్చు, చదువు రాదు. నాకు చదువు వచ్చు, మాట తెలియదు. హైదరాబాద్ పోయినప్పుడు కోఠీలో పాత పుస్తకాల దుకాణం వెతికి, ఇంగ్లీషులో రాసిన జర్మన్ వ్యాకరణం ఒకటి తెచ్చాను. జుమ్మా నమాజు అయ్యాక ఆయన లారీ నీడలో మా బడి. నేను ఒక్కో మాట కూడబలికితే ఆయన కళ్లు మూసుకుని విని, గదే గదే అనేవాడు. లేదా, గట్ల కాదు, గొంతులకెల్లి రావాలె అనేవాడు.

మొదటి రాయి లింగాలు. జర్మన్‌లో వస్తువులన్నిటికీ కలిపి మూడు జాతులు: డెర్ అంటే మగది, డీ అంటే ఆడది, డాస్ అంటే రెండూ కానిది. బల్ల మగది, తలుపు ఆడది. ఎందుకని అడగకూడదు. ఉర్దూలో రెండు జాతులకే మా క్లాసులో సగం మందిమి బెత్తం దెబ్బలు తిన్నాం, ఇక్కడ మూడోది కూడానా అని ఏడుపొచ్చింది. తీరా చూస్తే ఆడపిల్లను వాళ్లు రెండూ కాని డాస్ జాతిలో పెట్టారు. వీళ్లకు పిచ్చిగానీ పట్టిందా అని నేను పకపకా నవ్వుతుంటే ఖాసిం భాయ్ కళ్లు తెరిచాడు.

"నీ బిడ్డ బడికెల్లి వస్తే ఏమంటవు? పిల్ల వచ్చింది అంటవు. బండి వస్తే? బండి వచ్చింది అంటవు. మరి నీకెందుకు గంత నవ్వు?"

నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇంగ్లీషును మధ్యలో పెట్టుకోకుండా నేరుగా తెలుగు పక్కన జర్మన్ పెట్టి చూడటం మొదలుపెట్టాను. చాలాచోట్ల అతికింది. ఇంగ్లీషు పుస్తకం నాలుగు పేజీలు వివరించిన ఇన్ డెన్, ఇన్ డెమ్ తేడా మనకు పాలు తాగినంత సులువు. నూనె గిన్నెలోకి పోయాలంటే ఇన్ డెన్. నూనె గిన్నెలో ఉందంటే ఇన్ డెమ్. లోకి, లో. అంతే. ఈ ఒక్క తేడా పట్టుకుని, ఇంజన్‌కు నూనె ఎక్కడ పోయాలో, ఎక్కడ నిలవ ఉండాలో చదివి చెప్పాను. నిజామాబాద్ నుంచి సేఠ్ పిలిపించిన మిస్త్రీ కారణం కోసం మూడు రోజులు వెతికి వదిలేసిన ఇంజన్ పొగ ఆ పూటే తగ్గింది.

మిల్లులో నాకు జర్మన్ మిస్త్రీ అని పేరు పడింది. నాశనం అక్కడే మొదలైంది. వ్యాకరణంలో సగం పాఠాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఖాసిం భాయ్ కబురు పెడితే పసుపు సీజన్, తీరిక లేదని చెప్పి పంపాను. అసలు మాట, పేరు వచ్చాక మళ్లీ లారీ నీడలో అక్షరాలు దిద్దడం నామోషీ అనిపించింది. పూర్తిగా రానివాడికి భయముంటుంది, పూర్తిగా వచ్చినవాడికి జాగ్రత్త ఉంటుంది. సగం వచ్చినవాడికి రెండూ ఉండవు.

పేజీ చివరన

సీజన్ మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం ఇంజన్ కాగిపోవడం మొదలైంది. చల్లనీళ్లు తిరిగే దారి ఎక్కడో పూడినట్టుంది. గేటు బయట బండ్లు రోడ్డు దాకా ఉన్నాయి, సేఠ్ రెండుసార్లు మనిషిని పంపాడు. ఇంజన్ ఆపి నేను పుస్తకం తీశాను. చల్లనీళ్ల పాఠం దొరికింది. కుడివైపు పేజీలో అట్టడుగు వరుస: నేమన్ జీ డెన్ డెకెల్ బై హైసెమ్ మోటార్. నేమన్ జీ అంటే తీయండి, డెకెల్ అంటే మూత, హైస్ అంటే వేడి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయండి.

బావకు చెప్పాను. ఆయన మూత మీద చెయ్యి దూరంగా ఆడించి చూసి, ఉడుకుడుకుదాన్నే తియ్యమన్నదా అని అడిగాడు. అవునన్నాను. రెండు బోల్టులు వదులు చేసి ఆగి మళ్లీ అడిగాడు. నాకు విసుగొచ్చింది.

"కితాబుల గట్లనే ఉన్నది బావా. నీకు సదువొస్తదా, నాకొస్తదా? తియ్యి."

తీశాడు. లోపల మరుగుతున్న నీళ్లు ఆవిరితో ఎగిసి ఆయన కుడిచేతి మీద పడ్డాయి. మోచేయి దాకా. ఆయన అరవలేదు, చేతిని పొట్టకు ఆనించుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సేఠ్ జీపులో నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణానికి ఫికర్ లేదన్నారు, చేతి గురించి ఏమీ అనలేదు. తోలు మానేటప్పుడు మూడు వేళ్లు ముడుచుకుని అరచేతి వైపు వంగి అలాగే ఉండిపోయాయి.

మూడో రోజు ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"లింబాద్రీ, కితాబుల గట్లనే ఉన్నదా?"

అప్పటికి నాకు నిజం తెలిసిపోయింది. ముందురోజే మిల్లుకు పోయి పుస్తకం తీసి పేజీ తిప్పాను. అవతలి పేజీలో పైన రెండే మాటలు, వాటి తర్వాత చుక్క: నిష్ట్ అబ్. వద్దు అని అర్థం. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు. నూనె చేతులకు పేజీలు అంటుకున్నాయని ఎవరికైనా చెప్పుకోవచ్చు. అంటుకోలేదు. నేను తిప్పలేదు.

ఆయన అడిగినదానికి నేను, గలతీ అయింది బావా అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి కళ్లు మూసుకున్నాడు. బయట వరండాలో సేఠ్ అడిగితే కూడా అదే మాట అన్నాను, గలతీ అయింది అని. ఎవరి తప్పు అని సేఠ్ అడగలేదు. మూత విప్పిన చెయ్యి ఎవరిదో ఆయన కళ్లకు కనబడుతోంది కదా. నారాయణ సేఠ్ చెడ్డవాడు కాదు, దవాఖాన ఖర్చంతా తనే పెట్టుకున్నాడు. కానీ అన్నీ తొందరగా అర్థమైపోయాయనుకునే మనిషి. అలాంటి యజమాని దగ్గర నిజం మనమే ఎదురుపోయి చెప్పాలి, ఆయన అడుగుతాడని కూర్చుంటే కుదరదు.

అయింది, చేసిన

బావ తిరిగొచ్చాక సేఠ్ ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టాడు. నిలకడ లేనోడు ఇంజన్ కాడికి రావద్దు అన్నాడు, పదిమంది ముందర. నేను ఆ పదిమందిలోనే ఉన్నాను.

మా అక్క గంగవ్వ ఒకరోజు జొన్నరొట్టె నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. బావ ఆమెకు తన చెయ్యే జారిందని చెప్పాడట. "ఇంజన్ కాడ ఉండెటోడు ఇయ్యాల గేటుకాడ కుక్కలను అదిలించుకుంట కూసున్నడు తమ్మీ. నీ మాట సేఠ్ ఇంటడు. ఒక్క మాట చెప్పరాదు?" అంది. చూస్తానన్నాను. రొట్టె తిన్నాను కూడా. సిగ్గులేని కడుపు.

ఆ వారమే పుస్తకం పట్టుకుని ఖాసిం భాయ్ దగ్గరికి పోయాను. ఆయనకు మాత్రం దాచకుండా చెప్పాను. ఆ వాక్యం చదవమంటే చదివాను, పేజీ తిప్పి చివరి రెండు మాటలతో సహా. ఆయన తల పట్టుకున్నాడు.

"వాళ్ల మాటకు తోకుంటది భాయ్. క్యాంపుల తలుపుకాడ నిలబెట్టి సిపాయి ఒర్రెటోడు. తెరువు అన్నా, ముయ్యి అన్నా మొదటి మాట ఒక్కటే. ఆఖరికి ఔఫ్ అంటే తెరవాలె, త్సూ అంటే ముయ్యాలె. తోక ఇనేదాక మేం చెయ్యి లేపకపోతుంటిమి. గలత్ చేస్తే తుపాకి బట్టుతోని కొడుతుండె. నువ్వు ఇంకో నెల వచ్చుంటే నేను చెప్పకపోదునా?"

నా తప్పు వేరు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. అది తెలుగువాడు చేసే తప్పు. మన మాటలో పని చెప్పే మాట ఆఖరున వస్తుంది. తీయండి అని వచ్చిందంటే వాక్యం అయిపోయినట్టే, ఇక వినాల్సింది ఏమీ ఉండదు. జర్మన్‌వాడు నేమన్ అని ముందే అనేసి, అసలు సంగతి తోకలో పెడతాడు. నాకు తీయండి కనబడగానే చెవి మూసుకుపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు ఒక్క జుమ్మా కూడా తప్పకుండా పోయాను. తోక పాఠాలన్నీ అయ్యాక కర్మణి ప్రయోగం వచ్చింది, వుర్డె పెట్టి చెప్పేది. మన బడి పుస్తకాల్లో రామునిచేత రావణుడు చంపబడెను అని ఉంటుంది, అలా ఎవడూ మాట్లాడడు. అవసరం కూడా లేదు. చేసినవాణ్ని దాచడానికి మనకు అంతకంటే మెత్తటి మాట ఉంది: అయింది. గిన్నె పగిలింది, పాలు పొంగినయ్, గలతీ అయింది. మనిషే ఉండడు. నేను గలతీ చేసిన అనాలంటే ఒక్క మాట మారిస్తే చాలు, ఆ ఒక్క మాటకు నాకు నోరు రాలేదు. సేఠ్ గేటు వైపు నడిచినప్పుడల్లా ఈ రోజు చెప్తాను అనుకునేవాణ్ణి. గేటు దాటిపోయేవాడు, నేను ఇంజన్ తుడుచుకునేవాణ్ణి.

ఫోన్ మీర్

ముప్కాల్ అవతల డ్యామ్ పనులు మొదలైనప్పుడు, అక్కడ ఒక యంత్రం బిగించడానికి జర్మన్ ఫిట్టర్ ఒకాయన వచ్చి కొన్ని వారాలున్నాడు. సేఠ్ ఎవరినో పట్టుకుని, మా ఇంజన్‌ను ఒకసారి చూసిపొమ్మని ఆయన్ని మిల్లుకు రప్పించాడు. యాభై దాటిన మనిషి, నా చేతుల్లాంటి నల్లటి చేతులు. మిల్లంతా గుమిగూడింది. నేను గొంతు సవరించుకుని జర్మన్‌లో, రా, కూసో, జల్దీ అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఈ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. యుద్ధఖైదీ దగ్గర అని చెప్తే కాసేపు నేలవైపు చూసి, సెట్సెన్ జీ జిష్, బిట్టె, అని నిదానంగా పలికి చూపించాడు. దయచేసి కూర్చోండి అని. ఖాసిం భాయ్ నాకు మర్యాద మాట నేర్పలేదంటే, క్యాంపులో ఆయనతో ఎవరూ మర్యాదగా మాట్లాడలేదన్నమాట.

తర్వాత మేమిద్దరం ఇంజన్ దగ్గర కూర్చున్నాం. ఆయన ప్రతి బోల్టూ తడిమి, బాగుంది బాగుంది అంటూ చల్లనీళ్ల మూత దగ్గర ఆగాడు. ఆ రోజు ఆవిరి దెబ్బకు విరిగిన బోల్టుల చోట వేరేవి పడ్డాయి, మూత అంచు వంగి ఉంది. ఇక్కడ ఏమైందని అడిగాడు. నేను ఎంతో శ్రద్ధగా, వ్యాకరణం ఎక్కడా తప్పకుండా చెప్పాను: డాస్ బూఖ్ వుర్డె ఫాల్ష్ గెలేజెన్. పుస్తకం తప్పుగా చదవబడింది.

ఆయన నా వైపు తిరిగి రెండే మాటలు అడిగాడు. "ఫోన్ వేమ్?" ఎవరి చేత?

అలవాటుగా అడిగాడంతే. నన్ను పట్టుకోవాలని కాదు. కానీ ఆ భాషలో దానికి జవాబు ఒకటే ఉంది, తప్పుకోవడానికి నాకు అయింది అనే మాట అక్కడ లేదు.

"ఫోన్ మీర్," అన్నాను.

పక్కనే ఉన్న సేఠ్ మొహం వెలిగింది. "మీరే అన్నవా ఆయనను? శాబాష్. నాకు ముందునుంచే అనుమానం, తప్పు ఇంజన్ చేసినోళ్లదేనని."

అందరూ సేఠ్‌తో పాటు తలలూపారు. గేటు దగ్గరి నుంచి వచ్చి గుంపు వెనక నిలబడ్డ బావ నాకు కనిపించాడు. ముడుచుకున్న చెయ్యి కండువా కింద పెట్టుకున్నాడు. ఆయన తల ఊపలేదు. నేను నోరు మూసుకుంటే అక్కడితో అంతా సాఫు. తప్పు బావ మీద కూడా ఉండదు, సముద్రం అవతలికి పోతుంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు ఆశ పుట్టింది.

"మీర్ అంటే మీరు కాదు సేఠ్. వాళ్ల భాషల మీర్ అంటే నేను. కితాబు నేను గలత్ సదివిన. ఆ మాటకు తోకున్నది, అవతలి పేజీల. నేను పేజీ తిప్పలే. బావ రెండుమాట్ల అడిగిండు, నేనే తియ్యమన్న."

ఫిట్టర్‌కు మా భాష రాకపోయినా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సేఠ్ మొహం ఎర్రబడింది. నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను, తీసేసినా న్యాయమే. ఆయన బావ వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, గీ ఒక్క ముచ్చటకు నీకు గిన్నేండ్లు పట్టిందారా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. తర్వాత అందరి ముందరే బావ దగ్గరికి నడిచి, రేపటి సంది ఇంజన్ కాడికి రమ్మన్నాడు. బావ కండువా సర్దుకుని గేటుకు పోయాడు.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. చేసేవాడు రెండోసారి అడిగితే చదివేవాడు రెండోసారి చదవాలి. తప్పు చేస్తే చేసిన అనాలి, అయింది అనకూడదు. ఆలస్యమయ్యే కొద్దీ ఆ మాట బరువెక్కుతుంది, ఎత్తలేరు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి బావ ఇంజన్ దగ్గర ఉన్నాడు. పానా ముందర పెట్టుకుని, సదువు అన్నాడు. ఆ రోజు పని గాలిజల్లెడ విప్పి కడగడం. నేను వాక్యం చదివి, తెలుగులో చెప్పి, అయిపోయింది బావా, చుక్క పెట్టి ఉంది అన్నాను.

ఆయన పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఒక్క అక్షరం రాని మనిషి. ముడుచుకున్న ఆ మూడు వేళ్లతో తంటాలుపడి పేజీ తిప్పి, అవతలి వైపు పైనుంచి కిందిదాకా చూశాడు. చూసి పుస్తకం నాకిచ్చి, పానా ఎడమచేత్తో తీసుకున్నాడు.